నర్సింగ్ విద్యలో మార్కుల చరిత్ర

పామూరు వంటి మండల కేంద్రంలో రాత్రివేళ ఆసుపత్రికి వెళ్లిన రోగికి ముందుగా కనిపించేది సాధారణంగా వైద్యుడు కాదు, సిస్టరమ్మ. నాడి చూసేది, రక్తపోటు కొలిచేది, సూది వేసేది, పరిస్థితి విషమిస్తున్నదని ముందుగా గుర్తించి వైద్యునికి కబురు పంపేది ఆమే. పశ్చిమ ప్రకాశంలోని ఈ మూలనుండి ఒంగోలు పెద్దాసుపత్రికి గాని, నెల్లూరు ఆసుపత్రులకు గాని వెళ్లాలంటే ఇంచుమించు వంద కిలోమీటర్ల ప్రయాణం. ఆ దూరాన్ని రోగి ప్రాణాలతో దాటగలడా లేడా అన్నది చాలాసార్లు ఆ మొదటి గంటలో ఆమె చేసిన పని మీదనే ఆధారపడి ఉంటుంది.

ఆమెకు ఆ పని వచ్చునని మనకు హామీ ఇచ్చినవారెవరు? ఏ రోగీ నర్సును మార్కులు అడగడు. ఎవరో ఎక్కడో ఆమెను పరీక్షించే ఉంటారని నమ్మి చేయి చాపుతాడు. ఆ నమ్మకం వెనుక 160 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. నర్సింగ్ విద్యార్థినిని ఎలా కొలవాలి, ఎవరు కొలవాలి, ఏ మెట్టు దాటితే పై తరగతికి పంపాలి అన్న ప్రశ్నలకు ఒక్కొక్క తరం ఒక్కొక్క సమాధానం చెప్పింది. ఆ సమాధానాలను వరుసగా పరిశీలిస్తే నేటి మార్కుల జాబితాకు అర్థం తెలుస్తుంది.

నెలవారీ పట్టిక

ఆధునిక నర్సింగ్ శిక్షణకు 1860వ సంవత్సరాన్ని ఆరంభంగా చెప్పుకొంటాము. ఆ ఏడు ఫ్లారెన్స్ నైటింగేల్ పేరిట సమకూరిన నిధితో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో శిక్షణాలయం మొదలైంది. తొలి జట్టులో 15 మంది యువతులు చేరారు. శిక్షణ ఒక సంవత్సరం. వారిని నిత్యం గమనించే బాధ్యత ఆసుపత్రి మేట్రన్ శ్రీమతి వార్డ్రోపర్‌ది.

ప్రతి విద్యార్థిని పేరిట నెలనెలా ఒక పట్టిక పూరించేవారు. అందులో రెండు భాగాలు. మొదటిది నడవడికి సంబంధించినది: వేళకు రావడం, నెమ్మదితనం, నమ్మకస్తురాలై ఉండడం, శుచి శుభ్రత, వార్డు నిర్వహణ అని అయిదు అంశాలు. రెండవది పనితనానికి సంబంధించినది. అందులో 14 ప్రధాన శీర్షికలు, వాటి కింద ఎన్నో ఉపశీర్షికలు ఉండేవి. పుండ్లకు కట్టు కట్టడం, జలగలు పట్టించడం, ఎనిమా ఇవ్వడం, పక్క అమర్చడం, రోగికి జావ కాచడం, రోగి పరిస్థితిని గమనించడం వంటివన్నీ అందులో చేరేవి. ఒక్కొక్క అంశానికి ఎదురుగా 'శ్రేష్ఠం', 'మంచిది', 'మధ్యమం', 'అసంపూర్ణం', 'సున్న' అన్న అయిదింటిలో ఒకటి రాసేవారు.

ఈ పట్టికలో ఒక విశేషమున్నది. అంశాలవారీగా రాసినందువల్ల, జావ బాగా కాచినంత మాత్రాన కట్టు కట్టడంలో ఉన్న లోపం కప్పబడదు. దేనికది విడిగా కనిపిస్తుంది. ఒక లోపమూ ఉన్నది. కలం ఒక్కరి చేతిలోనే ఉండేది. మేట్రన్‌కు నచ్చిన పిల్లకు 'శ్రేష్ఠం', నచ్చని పిల్లకు 'అసంపూర్ణం' పడకుండా ఆపగలిగిన యంత్రాంగమేదీ లేదు.

నైటింగేల్ ఉద్దేశం మాత్రం స్పష్టం. రోగి పట్ల దయ, నిజాయితీ, ఓర్పు కాగితం మీద పరీక్షకు అందవని ఆమె విశ్వాసం. అందుకే బహిరంగ పరీక్ష పెట్టి నర్సుల పేర్లు రిజిస్టరులో నమోదు చేయాలని ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ ఉద్యమం నడిపినప్పుడు నైటింగేల్ దానిని వ్యతిరేకించింది. ఫెన్విక్ వాదన వేరు: శిక్షణ పొందినవారెవరో, పొందనివారెవరో రోగికి తెలియాలంటే అందరికీ ఒకే కొలత ఉండాలి. కాలం ఫెన్విక్ పక్షాన నిలిచింది. 1901లో న్యూజిలాండ్ నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. బ్రిటన్‌లో అలాంటి చట్టం 1919లో వచ్చింది. అయినా నైటింగేల్ లేవనెత్తిన సందేహం తొలగిపోలేదు.

మద్రాసు రాజధానిలో మన ప్రాంతం

నేటి ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంతకుముందు కనిగిరి తాలూకాతో పాటు పామూరు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. బ్రిటిషు పాలనలో ఇవన్నీ మద్రాసు రాజధానిలో భాగాలు. కాబట్టి మన ప్రాంతపు నర్సింగ్ చరిత్రకు మూలం మద్రాసులోనే వెతుక్కోవాలి. అక్కడి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1871లో నలుగురు విద్యార్థినులతో ఆరు నెలల మంత్రసాని శిక్షణ మొదలైంది. మన దేశంలో నర్సింగ్ పాఠశాలల చరిత్రను సాధారణంగా దానితోనే ప్రారంభిస్తారు.

తెలుగు జిల్లాల్లో ఈ విద్యకు దారి తీసినవి ఎక్కువగా మిషన్ ఆసుపత్రులు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కృషితో 1898లో అక్కడ స్త్రీల ఆసుపత్రి వెలిసింది. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారు స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి నడిపారు. పరదాలో ఉండే స్త్రీలు మగ వైద్యుని ముందుకు రాని రోజులవి. అందుచేత స్థానికంగా ఆడపిల్లలకు తర్ఫీదు ఇవ్వడం ఆ ఆసుపత్రులకు తప్పనిసరి అయింది. చదువుకు నోచని వితంతువులకు, పేద కుటుంబాల పిల్లలకు అది గౌరవప్రదమైన బతుకుతెరువు కూడా అయింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆ ఆసుపత్రే పాఠం చెప్పేది, ఆ ఆసుపత్రే పరీక్ష పెట్టేది, విద్యార్థినుల చేత రాత్రింబవళ్లు పని చేయించుకొనేదీ ఆ ఆసుపత్రే. విద్యార్థిని తప్పితే వార్డులో రెండు చేతులు తగ్గుతాయి. ఉత్తీర్ణురాలైతే, ఆ ఊరి పట్టా పక్క ఊరివారికి ఏమి చెబుతుందో ఎవరికీ తెలియదు. ఒకచోట మూడేళ్ల శిక్షణ, ఇంకొకచోట ఏడాది శిక్షణ. బయటికి వచ్చాక ఇద్దరి పేరూ 'నర్సే'.

ఈ గందరగోళాన్ని మొదట గుర్తించినవారు నర్సులే. 1905లో నర్సింగ్ సూపరింటెండెంట్ల సంఘము, 1908లో ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఏర్పడ్డాయి. శిక్షణలో ఏకరూపత, వృత్తికి గౌరవం వారి ఆశయాలు. 1910 తరువాతి కొద్ది సంవత్సరాల్లో దక్షిణాదిన, ఉత్తరాదిన మిషన్ ఆసుపత్రులకు ఉమ్మడి పరీక్షా బోర్డులు వచ్చాయి. పాఠం చెప్పిన చేయి వేరు, పేపరు దిద్దే చేయి వేరు అన్న సూత్రం అప్పటినుండి మన నర్సింగ్ విద్యలో స్థిరపడింది. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చి, అర్హులైనవారి పేర్లు రిజిస్టరులో నమోదు చేసే పద్ధతికి చట్టబద్ధత కల్పించింది.

ఆ విధంగా పక్షపాతానికి అడ్డుకట్ట పడింది. అయితే నెలవారీ పట్టికలోని అంశాలవారీ పరిశీలన వెనుకబడి, పేపరు మీద వచ్చే మొత్తం మార్కు ముందుకు వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి

1943లో నియమితమైన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. అప్పటికి దేశం మొత్తానికి ఉన్న శిక్షితులైన నర్సులు ఇంచుమించు 7,000 మంది మాత్రమే. కొరత అంత తీవ్రంగా ఉన్నప్పుడు ప్రమాణాలను సడలించాలన్న ఒత్తిడి సహజం. కమిటీ మధ్యేమార్గం సూచించింది: మిడిల్ స్కూలు చదివినవారికి జూనియర్ శ్రేణి, మెట్రిక్యులేషన్ పూర్తి చేసినవారికి సీనియర్ శ్రేణి, పైన విశ్వవిద్యాలయ పట్టా. ఆ 1946లోనే ఢిల్లీలోను, వెల్లూరులోను నర్సింగ్ డిగ్రీ కోర్సులు మొదలయ్యాయి.

1947 డిసెంబరులో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం ఆమోదం పొందింది. దేశమంతటా నర్సులకు, మంత్రసానులకు, హెల్త్ విజిటర్లకు ఒకే ప్రమాణంలో శిక్షణ ఉండాలన్నది ఆ చట్టం లక్ష్యం. 1950లో కౌన్సిల్ శిక్షణను రెండు స్థాయిలకు కుదించింది: నర్సు, సహాయక నర్సు-మంత్రసాని. మన పల్లెల్లో 'ఏఎన్ఎం' అని పిలుచుకొనే ఆ రెండవ కోర్సు 1951లో పంజాబులో మొదలై దేశమంతా వ్యాపించింది. మొదట రెండేళ్లుగా ఉన్న ఆ శిక్షణను 1977లో 18 నెలలకు తగ్గించారు. డిప్లొమా కోర్సయిన జీఎన్ఎం మూడేళ్లనుండి 2004లో మూడున్నరేళ్లకు పెరిగి, మళ్లీ 2015 ప్రాంతంలో మూడేళ్లకు వచ్చింది.

ఈ హెచ్చుతగ్గులను గమనించండి. సిబ్బంది చాలనప్పుడు కాలం కుదించడం, పనితనం చాలదనిపించినప్పుడు పెంచడం జరుగుతూ వచ్చింది. కొరత ఒకవైపునుండి, నాణ్యత మరొకవైపునుండి ఆ గీతను లాగుతూనే ఉన్నాయి.

మన రాష్ట్రంలో 1986లో విజయవాడ కేంద్రంగా ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. వైద్యంతో పాటు నర్సింగ్ డిగ్రీ పరీక్షలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. పామూరు పిల్ల అయినా, విశాఖపట్నం పిల్ల అయినా ఒకే ప్రశ్నపత్రం రాసే రోజు అలా వచ్చింది.

యాభై, నలభై

నర్సింగ్ డిగ్రీలో ఉత్తీర్ణతకు నర్సింగ్ సబ్జెక్టులన్నిటిలో 50 శాతం రావాలి. అదీ థియరీలో విడిగా, ప్రాక్టికల్‌లో విడిగా రావాలి. ఆంగ్లంలో మాత్రం 40 శాతం చాలు. ఈ చిన్న తేడాను చాలామంది పట్టించుకోరు. నా దృష్టిలో ఈ నిబంధనలన్నిటిలోనూ ఆలోచనతో కూడినది ఇదే. ఆంగ్లంలో తడబడినంత మాత్రాన రోగి ప్రాణానికి నేరుగా ముప్పు లేదు. మందు మోతాదులో తడబడితే ఉన్నది. ఎక్కడ సడలించవచ్చునో, ఎక్కడ సడలించకూడదో ఆ పది మార్కుల తేడా చెబుతున్నది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన కనిగిరి, సీ.ఎస్.పురం పిల్లలకు ఇది దయ కాదు, న్యాయం.

అయితే 50 శాతమంటే ఏమిటి? సగం తెలిస్తే చాలునా? ఒక ఉదాహరణ చూద్దాము. మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది: ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉన్నది, 100 యూనిట్లు ఉన్నది. సిరంజిలూ అందుకు తగినట్టు వేరువేరుగా ఉంటాయి. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. ఒక రోగికి 20 యూనిట్లు వేయాలి. చేతిలో 100 గాఢత మందు ఉన్నది. పొరపాటున ఎర్ర మూత సిరంజి తీసి 20 గీత వరకు నింపితే లోపలికి వెళ్లేది అర మిల్లీలీటరు. అంటే 20 కాదు, 50 యూనిట్లు, రెండున్నర రెట్లు. రాత్రి నిద్రలోనే చక్కెర పడిపోయి రోగి స్పృహ తప్పవచ్చును. (ఇంట్లో ఇన్సులిన్ వేసుకొనేవారు కూడా మందు మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూసుకోవాలి.)

ఈ ఒక్క లెక్క రాని విద్యార్థినికి మిగిలిన ప్రశ్నలన్నిటిలో మంచి మార్కులు వచ్చి 72 శాతంతో ఉత్తీర్ణత రావచ్చును. ఆ 72లో ఈ లోపం ఎక్కడా కనిపించదు. మొత్తం మార్కులో ఉన్న బలహీనత ఇదే. నైటింగేల్ పట్టికలో అయితే ఆ గడిలో 'సున్న' అని విడిగా పడి ఉండేది. అమెరికాలో చాలా నర్సింగ్ కళాశాలలు మోతాదు లెక్కలకు ప్రత్యేక పరీక్ష పెట్టి 90 శాతానికి తక్కువ కాకుండా అడగడానికి కారణం కూడా ఇదే.

2021 నిబంధనలు

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 జులైలో గెజిట్‌లో ప్రకటించిన కొత్త నిబంధనలతో బీఎస్సీ నర్సింగ్ సంవత్సరాల పద్ధతినుండి ఎనిమిది సెమిస్టర్ల పద్ధతికి మారింది. శాతాలకు బదులు పది పాయింట్ల గ్రేడ్లు వచ్చాయి. నర్సింగ్ సబ్జెక్టుల్లో 'సి' గ్రేడు, అంటే 50 శాతం, ఉత్తీర్ణతకు కనీస మెట్టు. ఆంగ్లానికి, ఐచ్ఛిక విషయాలకు 'పి' గ్రేడు, 40 శాతం. పాత తేడా పేరు మార్చుకొని అలాగే నిలిచింది.

పై మెట్టుకు వెళ్లే పద్ధతిలో ఒక సమతౌల్యం ఉన్నది. ఒక సబ్జెక్టు తప్పిన విద్యార్థిని తరువాతి సెమిస్టరు తరగతులకు వెళ్లవచ్చును, చదువు ఆగదు. అయితే అయిదవ సెమిస్టరు పరీక్షకు కూర్చోవాలంటే అంతకుముందరివన్నీ పూర్తిచేసి ఉండాలి. ఇందులో అర్థమున్నది. మొదటి సెమిస్టర్లలో శరీరధర్మం, మందుల శాస్త్రం, రోగి సంరక్షణ మూలాలు ఉంటాయి. వాటిని దాటకుండా ప్రసూతి వార్డు పరీక్షకు వెళ్లడమంటే పునాది లేని గోడ కట్టడమే.

గుర్రపువాతం వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేటు వేస్తారు. ప్రాణం నిలిపే మందు అది. ఎక్కువైతే శ్వాస ఆపే మందూ అదే. అందుకే తరువాతి మోతాదుకు ముందు మోకాలి ప్రతిస్పందన ఉన్నదా, నిమిషానికి కనీసం 16 సార్లు శ్వాస తీస్తున్నదా, గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా మూత్రం వస్తున్నదా అని మూడూ చూడాలి. కండరం, నాడి, మూత్రపిండం ఎలా పనిచేస్తాయో మొదటి ఏడాదిలో అర్థం చేసుకొన్న పిల్లకు ఈ మూడు ఎందుకు చూడాలో చెప్పనక్కరలేదు. బట్టీ పట్టి గట్టెక్కిన పిల్ల మూడింటిలో ఒకటి మరచిపోతుంది.

హాజరు నిబంధన మరింత గట్టిది. పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు చాలు. పట్టా చేతికి రావాలంటే మాత్రం ప్రతి వార్డులోనూ ప్రాక్టికల్ హాజరు నూటికి నూరు ఉండాలి. తక్కువైన రోజులను మళ్లీ పూరించి తీరాలి. చేసిన ప్రతి పనినీ లాగ్‌బుక్కులో నమోదు చేసి అధ్యాపకురాలి సంతకం పొందాలి. నిజానికి ఆ లాగ్‌బుక్కు 1860 నాటి నెలవారీ పట్టికకు మనుమరాలే. ఉమ్మడి పరీక్ష పక్షపాతాన్ని ఆపితే, లాగ్‌బుక్కు సగటు చాటున దాగే లోపాన్ని బయటపెడుతుంది. వందేళ్లకు పైగా విడివిడిగా నడిచిన ఈ రెండు పద్ధతులు ఇప్పుడు ఒకే నిబంధనలో పక్కపక్కన నిలిచాయి.

సంతకం విలువ

ఇన్ని నిబంధనలున్నా చివరికి అన్నీ ఒక సంతకం మీదనే నిలుస్తాయి. విద్యార్థిని వార్డులో పది కాన్పులు చూసిందా, లేక పది సంతకాలు సంపాదించిందా అన్నది గెజిట్ చెప్పలేదు. ఒక్కొక్క విద్యార్థినికి కనీసం ముగ్గురు రోగులుండాలని కౌన్సిల్ ప్రమాణం. పడకలు ఖాళీగా ఉన్న ఆసుపత్రిలో నూరు శాతం హాజరు వేసినా నేర్చుకొనడానికి రోగి ఎక్కడ? ప్రైవేటు కళాశాలలు పెరిగిన ఈ రోజుల్లో నైటింగేల్ నాటి ప్రశ్నే రూపు మార్చుకొని ఎదుట నిలిచింది. అప్పుడు భయం మేట్రన్ ఇష్టాయిష్టాల గురించి. ఇప్పుడు భయం కాగితం మీది హాజరు గురించి.

విదేశాలకు వెళ్లదలచిన మన నర్సులు ఈ తేడాను త్వరగా గ్రహిస్తారు. అమెరికాలో నర్సు లైసెన్సుకు పెట్టే ఎన్‌క్లెక్స్ పరీక్ష హైదరాబాదులో కూడా రాయవచ్చును. 1994నుండి అది కంప్యూటరు మీద జరుగుతున్నది. ఒక జవాబును బట్టి తరువాతి ప్రశ్న కఠినత మారుతుంది. చివర మార్కులుండవు, ర్యాంకులుండవు. ఉత్తీర్ణత లేదా అనుత్తీర్ణత, అంతే. 'ఈమె చేతిలో రోగి క్షేమమా?' అన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు వెతుకుతుంది. మార్కుల జాబితాలో ఎనభై తెచ్చుకొని కూడా ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయేవారున్నారు.

కాబట్టి పామూరు, వెలిగండ్ల, హనుమంతునిపాడు ప్రాంతాల తల్లిదండ్రులకు ఒక మనవి. మీ అమ్మాయిని నర్సింగ్‌లో చేర్చేముందు ఫీజు, హాస్టలు గురించి అడుగుతారు, అవి అవసరమే. వాటితో పాటు మూడు విషయాలు అడగండి. కళాశాలకు నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదా? సొంత ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నాయి, వాటిలో నిజంగా రోగులున్నారా? లాగ్‌బుక్కులో సంతకం పెట్టే అధ్యాపకురాలు వార్డులో పిల్లల పక్కన నిలబడుతుందా? మూడవ ప్రశ్నకు జవాబు కావాలంటే ఆఫీసులో కాదు, అక్కడ చదువుతున్న సీనియర్ విద్యార్థినులను అడగాలి.

అమ్మాయి ఒక సబ్జెక్టు తప్పితే కుంగిపోకండి, ఆమెను చదువు మాన్పించి పెళ్లి సంబంధాలు వెతకకండి. కోర్సు పూర్తి చేయడానికి ఎనిమిదేళ్ల గడువు ఉన్నది. మెట్టు ఎత్తు తగ్గించాలని ఎవరూ అడగనక్కరలేదు. ఎక్కడానికి ఆమెకు మరికొంత సమయం, భాషలో కొంత సాయం, ఓర్పుగల ఒక అధ్యాపకురాలు ఉంటే చాలు. తప్పిన సబ్జెక్టును అర్థం చేసుకొని మళ్లీ రాసి గట్టెక్కిన పిల్ల, దానిని ఎవరో గట్టెక్కించిన పిల్ల కంటే మేలైన నర్సు అవుతుంది.

కష్టమైన పరీక్ష విద్యార్థినికి శత్రువులా కనిపించవచ్చును. కానీ ఆ పరీక్ష గదిలో ఆమె ఒక్కతే లేదు. పేరు తెలియని రోగి ఒకరు ఆమె పక్కనే కూర్చుని ఉన్నారు. రేపు ఏ రాత్రివేళో ఆమె ముందు చేయి చాపబోయేది వారే.